శ్రీహరికోట తీరము

దొరవారిసత్రములో రైలు దిగినవారికి సముద్రము కానరాదు. తూర్పుగా పోయినచో పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట దీవి, దీవి కావల బంగాళాఖాతము. "కడలి తీరమును కోసివేయుచున్నదని వినుచున్నాము. అది మా యింటిదాక వచ్చునా?" యని ఆ ప్రాంతపు సోదరి యొకామె మమ్మడిగినది. ఇంటిదాక రాకపోవచ్చును గాని, వంటయింటిదాక మాత్రము తప్పక వచ్చును.

ఎట్లన, శ్రీహరికోట రాతినేల గాదు. అలలును గాలియును వేలయేండ్లుగా కూర్చిన యిసుకగట్టు. ఆ గట్టు అడ్డుగా నున్నందుననే పులికాటు సరస్సుగా నిలిచినది. కాళంగి మొదలగు నదుల మంచినీరును, ముఖద్వారములగుండ వచ్చు ఉప్పునీరును అందు కలిసి రొయ్యలకు, పీతలకు, చేపలకు పుట్టినిల్లయినది. నేలపట్టు చెరువులోని చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులు తమ పిల్లలకు మేత తెచ్చునదియు నిచ్చటినుండియే. ఆ చెరువును 1976లో పక్షులకు రక్షితస్థలముగా ప్రకటించిరి. పెనుతుపాను వచ్చిననాడు మొదటి దెబ్బ దీవి తినును. సరస్సు ఒడ్డు గ్రామములకు తరువాతనే. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగిరినదియు నీ యిసుకపైనుండియే. ఆకాశమునకు దారి చూపిన చోట కాలిక్రింది నేల జారుట విచిత్రమే!

ఇసుక ఒకచోట నిలుచునది కాదు. నైరుతి ఋతువున అలలు ఏటవాలుగా వచ్చి దానిని ఉత్తరముగా త్రోయును. ఈశాన్య ఋతువున కొంత దక్షిణమునకు మరలించును. ఏడాది మొత్తము చూచినచో ఉత్తరమునకు పోవునదే హెచ్చు. ఇంటి జమాఖర్చు వ్రాయు సోదరీమణులకు దీనిని బోధింప నక్కరలేదు. దక్షిణమునుండి వచ్చునది జమ, ఉత్తరమునకు పోవునది ఖర్చు. జమ ఆగి ఖర్చు ఆగనినాడు మూలధనము తరుగక మానునా?

జమ నాపునవి సముద్రములోనికి కట్టిన రాతిగోడలు. చెన్నపట్టణపు రేవు కట్టినపిదప దాని దక్షిణమున ఇసుక చేరి మెరీనా విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురము వైపు కడలి నేలను తినసాగెను. 2001లో తెరచిన ఎన్నూరు రేవును, దాని ప్రక్కనున్న కాట్టుపల్లి రేవును శ్రీహరికోటకు దక్షిణమున, ఇసుక నడచు త్రోవలోనివే. జాతీయ తీర పరిశోధన కేంద్రమువారు 1990 మొదలు 2018 వరకు పరిశీలించి, దేశపు ప్రధానతీరమున నూటికి 33 పాళ్లకు పైగా కోతకు గురియగుచున్నదని తేల్చిరి.

దీవికి రాతి అడ్డుకట్టలు కట్టుద మను యోచన వినవచ్చినది. ప్రయోగవేదికలున్న చోట వలదని మేము చెప్పజాలము. కాని అడ్డుకట్ట ఇసుకను పుట్టింపదు. పోవుదానిని పట్టి యుంచును. అనగా దక్షిణమున నిలిచిన ప్రతి తట్టయు ఉత్తరమున తూపిలిపాళెము వైపువారికి తగ్గిన తట్టయే. ఉప్పాడలో ఇసుక నింపిన గొప్పసంచులతో గట్టు వేసిరి. అలలు దానిని చీల్చినవి.

విశాఖపట్టణపు పద్ధతి మాకు నచ్చినది. 1933లో తెరచిన ఆ రేవువద్ద చిక్కుకొను ఇసుకను యంత్రములతో తీసి, ఉత్తరముననున్న తీరమునకు పోయుచున్నారు. దారి కడ్డముగా గోడ కట్టినవారే ఇసుకను దాటించుట న్యాయము గదా!

దీవిమీది దిబ్బల సంగతియు మరువరాదు. బాలబండితీగెయు, రావణాసురుని మీసమను ముండ్లగడ్డియు ఎగురు నిసుకను పట్టి దిబ్బలు కట్టును. ఒకప్పుడీ దీవి యడవి బకింగుహాం కాలువమీదుగా చెన్నపట్టణపు పొయ్యిలకు వంటచెరకు పంపెడిది. ఈ తీగెలు పొయ్యికి పనికిరావు. అందుచేతనే కాబోలు వీనిని మొక్కలుగా లెక్కించువారు తక్కువ. దిబ్బను చదునుచేసి సరుగుడు నాటుటకంటె, వీనిని త్రొక్కక విడుచుట మేలని మా యభిప్రాయము.

ఇక చిక్కంతయు ముఖద్వారములవద్ద నున్నది. తీరమున కరవైన ఇసుకయే రాయదొరువువద్ద పూడికయై సరస్సుకు ఊపిరాడనీయదు. సముద్రపునీరు రానిచో వేసవిలో ఉత్తరభాగము ఎండి ఉప్పుబురదయగును. పడవ సాగదు, వల తడవదు, తట్ట నెత్తిన పెట్టుకొని ఊరూర తిరుగు జాలరి స్త్రీకి అమ్ముటకు చేపయుండదు. అందుచేత పూడిక తీయవలసినదే. తీసిన యిసుకను లారీలకెత్తి లోనాడునకు పంపక, కోతబడిన ఒడ్డుననే పోయింపవలెను. మాకు వ్రాసిన సోదరి, పూడిక తీయు పనివారు వచ్చిననాడు, ఇసుక ఎచ్చట పోయుదురని మొదట అడుగవలెను.