ఉయ్యాల బల్లకి ఏటీఎం కార్డు

అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు పడగొట్టినప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది ఒక్కటే, నడవ మీది టేకు దూలం. సామిల్లులో కోయిస్తే నాలుగు పలకలొచ్చాయి. ఒక్కోటి సరిగ్గా ఐదడుగులు. వాటితో ఉయ్యాల బల్ల చేసిస్తానని అమ్మకి మాటిచ్చేశా. పొడవు అంగుళం కూడా ఎక్కువ లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

చిన్న థిక్‌నెస్ ప్లేనర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పలక తోస్తే రోలర్లు లాక్కుంటాయి, పైన గిర్రున తిరిగే బ్లేడ్లు చెక్కుతాయి, అటువైపు అంతా ఒకే మందంతో బయటికొస్తుంది. రావాలి! నా మొదటి పలక మాత్రం రెండు కొసలా రెండంగుళాల మేర గుంట పడి వచ్చింది. పైగా ఎడమకంటే కుడివైపు మందం. వీడియోల్లో ఆ గుంటని స్నైప్ అంటున్నారు. కొసలు కోసేద్దామంటే పొడవేది?

వీధి చివర షాపు మేస్త్రిగారిని బతిమాలి తీసుకొచ్చా. ఆయన మిషన్ కంటే ముందు ప్లగ్గు చూశారు. "అది పీకెయ్ బాబూ. పది వేళ్లున్నాయని ధీమానా?"

పీకేశాక బల్ల మీద పొట్టంతా తుడిచి, మైనం రుద్దాం. తర్వాత పనికిరాని చెక్క ముక్కలు రెండు, ఒకటి ఎడమ అంచున, ఒకటి కుడి అంచున పంపి వెర్నియర్‌తో కొలిచాం. అర మిల్లీమీటర్ తేడా! అంటే బ్లేడ్లకీ బల్లకీ సమానం లేదన్నమాట. ఒక పక్క స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ, మళ్లీ పంపి కొలుస్తూ సరిచేశాం. అరగంట పట్టింది, అందులో పావుగంట నేను స్పానర్ వెతకడానికే.

అసలు దొంగ స్నైప్. పలక లోపలికెళ్లేటప్పుడు మొదట ఒక్క రోలరే పట్టుకుంటుంది. అప్పుడు బయట ఉన్న కొస కిందికి వాలితే, లోపలి కొస పైకి లేచి బ్లేడ్లకి ఎక్కువ చిక్కుతుంది. బయటికొచ్చేటప్పుడూ అంతే. మా మిషన్‌కి రెండు వైపులా ఉన్న మడత రెక్కలు కిందికి జారి ఉన్నాయి. వాటి చివర్లు కాస్త ఎత్తి, మీద తిన్నటి అల్యూమినియం పట్టీ అడ్డంగా పెట్టాం. మధ్య బల్లకీ పట్టీకీ నడుమ ఏటీఎం కార్డు దూరేంత సందు. నా కార్డుకి ఆ నెలలో దొరికిన పని అదొక్కటే లెండి.

ఇంకో కిటుకు చెప్పారు. మంచి పలకకి ముందొకటి, వెనకొకటి అదే మందం వేస్టు ముక్కలు ఆనించి, రైలు పెట్టెల్లా వరసగా పంపాలట. గుంట పడితే వాటికే పడుతుంది.

"పాత దూలం కదా, మేకులు చూశావా?" అన్నారు వెళ్లబోతూ. చూళ్లేదు. పాత స్పీకర్లోని అయస్కాంతం పలకల మీద తిప్పితే రెండు చోట్ల అతుక్కుంది. విరిగి లోపలుండిపోయిన మేకులు! ఒక్కటి బ్లేడుకి తగిలినా పన్ను ఊడేది, ఆ తర్వాత తీసే ప్రతి చెక్క మీదా గీత పడేది.

ఒక్కో విడతకి అర మిల్లీమీటరే తీశా. మొదటి పలక గుంట పోయేదాకా దాన్ని పల్చన చేసి, మిగతా మూడూ దానికి సమానం చేశా. బల్ల అనుకున్నదానికంటే కొంచెం పల్చనే.

అమ్మ పలకల మీద చెయ్యేసి నిమిరి, "గొలుసులేవిరా?" అంది. అవింకా కొనలేదు.