పొగ పోలేదు, పాల్వంచకు చేరింది

విద్యుత్ కారు కాలుష్యం లేని వాహనమన్న మాట తెలంగాణలో ఇప్పుడు ప్రకటనల భాషను దాటి ప్రభుత్వ విధానంగా స్థిరపడింది. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రాష్ట్రంలో రిజిస్టరయ్యే విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును పూర్తిగా మాఫీ చేస్తూ ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి, ఆకుపచ్చ నంబరు పలక తగిలించుకున్న ప్రతి కారూ ప్రకృతికి జరిగిన ఉపకారంగా చెలామణి అవుతోంది. ఢిల్లీకి పట్టిన గతి హైదరాబాద్‌కు పట్టకూడదన్నది ఈ మాఫీకి పాలకులు చెప్పిన కారణం. రాజధాని గాలి బాగుండాలన్న కోరికను తప్పుపట్టేవారు ఉండరు. ఆ గాలిని బాగుచేసే ఖర్చును ఏ ఊరి పద్దులో రాస్తున్నారన్న ప్రశ్నను అడిగేవారే కనబడరు. సత్తుపల్లి బొగ్గు గనుల పక్కన, పాల్వంచ థర్మల్ కేంద్రం ఉన్న జిల్లాలోనే, అడవి అంచున ఉన్న దమ్మపేట వంటి మండలం నుంచి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన పని లేదు.

మధ్యతరహా విద్యుత్ కారు వంద కిలోమీటర్లు నడవాలంటే, ఛార్జింగ్‌లోనూ తీగల్లోనూ పోయే నష్టాన్ని కలుపుకొని, విద్యుత్ కేంద్రం దగ్గర సుమారు పద్దెనిమిది యూనిట్లు పుట్టాలి. ఒక్కో యూనిట్‌కు మన థర్మల్ కేంద్రాలు కిలోలో మూడింట రెండు వంతుల బొగ్గును మండిస్తాయి గనుక ఆ ప్రయాణానికి పన్నెండు కిలోల బొగ్గు కావాలి. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి అందులో నాలుగు కిలోలకు పైగా బూడిదగా మిగులుతుంది. పాతరకం కేంద్రమైతే యూనిట్‌కు కిలో చొప్పున పద్దెనిమిది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ కారు అదే దూరానికి పొగగొట్టం నుంచి వదిలేది సుమారు పదిహేను కిలోలు. చమురు తవ్వకాన్ని, శుద్ధిని, రవాణాను కలిపినా రెండు లెక్కలూ సమానమవుతాయే తప్ప విద్యుత్ కారు సున్నా కాదు. అయినా ఆ సున్నానే ప్రచారం చేస్తున్నారు, ఆ సున్నాకే పన్ను మాఫీ చేస్తున్నారు.

దేశంలో విద్యుదుత్పత్తి అంతా బొగ్గుతోనే జరగడం లేదు కదా అని విద్యుత్ కార్ల భక్తులు వెంటనే ఒక అంకె అప్పజెబుతారు. 2025 నాటికి దేశంలోని స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాసులతో సంబంధం లేనిదైందన్నది ఆ అంకె. స్థాపిత సామర్థ్యం అంటే యంత్రాలు పూర్తిస్థాయిలో నడిస్తే ఉత్పత్తి చేయగలిగినది మాత్రమే. నిజంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో బొగ్గు వాటా ఇప్పటికీ దాదాపు నాలుగింట మూడు వంతులు. పైగా ఈ కార్ల యజమానులు పగలు ఆఫీసుకు తిరిగి, రాత్రి ఇంటి దగ్గర ప్లగ్గు పెడతారు. సౌర ఫలకాలు పనిచేయని ఆ వేళలో భారం ప్రధానంగా థర్మల్ కేంద్రాల మీదే పడుతుంది. ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ 2021లో తయారీ నుంచి తుక్కు వరకు కారు జీవితమంతటినీ లెక్కగట్టి, యూరప్‌లో విద్యుత్ కారు పెట్రోల్ కారు కంటే 66 నుంచి 69 శాతం తక్కువ ఉద్గారాలను వదులుతుందని, భారతదేశంలో ఆ ఆదా 19 నుంచి 34 శాతమేనని తేల్చింది. యూరప్ ఫలితాన్ని అరువు తెచ్చుకొని సింగరేణి బొగ్గు మీద నడిచే కారుకు అంటించడం అజ్ఞానమైనా కావాలి, వ్యాపారమైనా కావాలి.

అసలు అన్యాయం కార్బన్ లెక్కలో కంటే భూగోళంలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ పుట్టినా లోకమంతటా పరచుకుంటుంది గాని, బూడిద, సల్ఫర్ డయాక్సైడ్, బొగ్గు ధూళి ఎక్కువగా పుట్టినచోటి చుట్టుపక్కలే దిగుతాయి. పాల్వంచలో 1,800 మెగావాట్ల కొత్తగూడెం థర్మల్ కేంద్రం, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం రెండూ దమ్మపేట ఉన్న ఈ జిల్లాలోనే ఉన్నాయి. పాల్వంచలోని పాత యూనిట్ల కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేసిన దృశ్యాన్ని రాష్ట్రమంతా టీవీల్లో వేడుకగా చూసింది. అంతకుముందే, 2018లోనే, అదే ఆవరణలో 800 మెగావాట్ల కొత్త యూనిట్ మొదలైన సంగతి ఆ వేడుకలో ఎవరికీ గుర్తు రాలేదు. భద్రాద్రి కేంద్రాన్నయితే, అధిక ఒత్తిడిలో ఆవిరి పుట్టించి బొగ్గును ఆదా చేసే సూపర్‌క్రిటికల్ పద్ధతి దేశమంతటా రివాజైన తర్వాత కూడా, ఎక్కువ బొగ్గు తినే సబ్‌క్రిటికల్ పద్ధతిలోనే కట్టి, 2020 నుంచి 2022 వరకు ఒక్కో యూనిట్‌ను ప్రారంభించారు.

పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను సున్నపురాయి ద్రావణంతో కడిగే యంత్రాలను ప్రతి థర్మల్ కేంద్రంలో పెట్టాలన్న నియమం 2015 డిసెంబర్‌లో వచ్చింది. రెండేళ్ల గడువు పదేళ్లు సాగింది. చివరికి 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ అత్యధిక కేంద్రాలను ఆ బాధ్యత నుంచి తప్పించి, దేశ రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షల జనాభా దాటిన నగరానికి గాని పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికే దాన్ని తప్పనిసరి చేసి, కాలుష్యం మితిమీరినట్లు ముందే గుర్తించిన ప్రాంతాల సంగతి విడివిడిగా తేలుస్తామన్నది. పాల్వంచకు, మణుగూరుకు పది కిలోమీటర్ల దూరంలో పది లక్షల జనాభా గల నగరమేదీ లేదు. ఊపిరితిత్తులకు రక్షణ దొరకాలంటే చుట్టూ పది లక్షల ఊపిరితిత్తులు ఉండాలన్నమాట. తన వాకిలి ఊడ్చి ఆ చెత్తను పొరుగువాడి గుమ్మంలో పోసినవాణ్ని పల్లెలో శుభ్రత గలవాడని ఎవరూ మెచ్చుకోరు; విధాన రచయితలు మాత్రం మెచ్చుకొని బహుమానం కూడా ఇస్తున్నారు.

ఆ బహుమానం చిన్నది కాదు. ఇరవై లక్షలు దాటిన పెట్రోల్ కారు మీద రాష్ట్రంలో జీవితకాల పన్ను 18 శాతానికి తగ్గదు గనుక, పాతిక లక్షల విద్యుత్ కారు కొన్న వ్యక్తికి ఖజానా కనీసం నాలుగున్నర లక్షల రూపాయలు వదులుకుంటోంది. భద్రాచలం ఏజెన్సీలో పాత మోటార్ సైకిల్ మీద సంతకు వెళ్లే కోయ రైతుకు ఇలాంటి దయ ఎప్పుడూ దక్కలేదు. రోడ్డును అరగదీయడంలో విద్యుత్ కారుకు మినహాయింపేమీ లేదు. బ్యాటరీ బరువు వల్ల అది అదే తరగతి పెట్రోల్ కారు కంటే బరువైనది కూడా. సత్తుపల్లి బొగ్గు కోసం భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి 54 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి సింగరేణి దగ్గర వందల కోట్లు దొరికాయి. ఆ బొగ్గు బయలుదేరే పల్లెలకు వేళకు ఒక బస్సు నడపాలంటే మాత్రం డబ్బు లేదనే జవాబు వినిపిస్తుంది.

ఆకుపచ్చ రంగు పూసి అమ్మడం దమ్మపేటకు కొత్త విద్య కాదు. అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో కనుచూపు మేర పరుచుకున్న పామాయిల్ తోటలను చూపించి పచ్చదనం పెరిగిందని చెప్పేవారు ఉన్నారు. వేసవిలో ఒక్కో చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్ల వరకు నీరు తోడుకునే ఒకే జాతి తోట రైతుకు ఆదాయమిస్తే ఇవ్వవచ్చు, అది తప్పు కాదు. దాన్ని అడవి లెక్కలో వేయడం తప్పు. చెట్టు పచ్చగా ఉన్నంత మాత్రాన అడవి కానట్లే, పలక పచ్చగా ఉన్నంత మాత్రాన కారు నిర్మలం కాదు.

ఇక బ్యాటరీల సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రపంచపు కోబాల్ట్‌లో సింహభాగం కాంగో గనుల నుంచి, లిథియంలో పెద్ద వాటా చిలీ ఎడారి ఉప్పునీటి మడుగుల నుంచి వస్తున్నాయి. కోబాల్ట్ లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చాయన్న సమాధానం లిథియాన్ని గాని, గ్రాఫైట్‌ను గాని మాయం చేయదు. వాడేసిన బ్యాటరీలను తయారీదారులే తిరిగి తీసుకోవాలని 2022లో నియమాలు వచ్చాయి. థర్మల్ కేంద్రాల నియమానికి పట్టిన గతి చూసినవారు వీటిని ఎంత నమ్మాలో వారే నిర్ణయించుకోవచ్చు.

విద్యుత్ వాహనమే వద్దన్నది ఈ ఖండన సారాంశం కాదు. విద్యుత్ బస్సు కిలోమీటరుకు ఒకటింపావు యూనిట్ ఖర్చు చేసినా నలభై మందిని మోస్తే, ఒక్కరే కూర్చున్న కారుతో పోలిస్తే మనిషికి అయ్యే కరెంటు ఐదో వంతు కంటే తక్కువ. కారు మాఫీకి పోతున్న డబ్బును బస్సుకు మళ్లించాలి, ఆ బస్సును పగటి సౌరవిద్యుత్తుతో ఛార్జి చేయాలి, పొగ కడిగే యంత్రం పాల్వంచకూ మణుగూరుకూ రావాలి. కానీ ఇక్కడ కూడా జనాభా లెక్కే అడ్డుపడుతోంది: కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద విద్యుత్ బస్సులను 40 లక్షల జనాభా దాటిన మహానగరాలకే కేటాయించింది, అందులో రెండు వేలు హైదరాబాద్‌కు వచ్చాయి. పొగ కడగడానికి పది లక్షలు, బస్సు ఎక్కడానికి నలభై లక్షల జనం కావాలనే రాజ్యంలో, బొగ్గు తవ్వి ఇవ్వడానికి మాత్రం ఎంత చిన్న ఊరైనా సరిపోతోంది. ఈ లెక్క కుదిరేది కాదు. ఇరవై లక్షలు దాటిన కార్లకు ఇస్తున్న పన్ను మాఫీని 2026 డిసెంబర్ 31 తర్వాత ఒక్క రోజు కూడా పొడిగించకూడదు.