సంఘం ఉత్తరాల పెట్టె తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

పోయిన ఎండాకాలం ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ చైర్మన్ గారితో కలిసి ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగాను. నల్లగొండ వైపు బత్తాయి తోటలున్న ఊరాయనది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కంపెనీ కాగితాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటరు కోసం గల్లీ గల్లీ తిరిగాం. కంపెనీ పెట్టినప్పుడు దరఖాస్తులన్నీ అక్కడే చేయించారట. తీరా చోటు దొరికేసరికి అక్కడ సెంటరు లేదు, టిఫిన్ హోటల్ ఉంది.

"పోతే పోయింది, ఇంకో సెంటరుకు పోదాం పదండి" అన్నాను.

"గట్ల కాదు సార్. మా కంపెనీ ఈ-మెయిల్ వాళ్లు పెట్టిందే. పాస్‌వర్డ్ వాళ్లకే ఎరుక. దానికి ఇచ్చిన ఫోన్ నంబరు గూడ వాళ్లదే" అన్నారాయన.

అప్పుడు అర్థమైంది అసలు కష్టం. కంపెనీ ఏటా దాఖలు చేయాల్సిన రెండు పత్రాల గడువు దాటి పది నెలలైంది. ఆడిటర్ మూడుసార్లు గుర్తు చేస్తూ మెయిల్ పంపారట. ఆ మూడూ ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. కంపెనీల చట్టం కింద ఒక్కో పత్రానికి ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల అదనపు రుసుం పడుతుంది. 2018 జులై నుంచి ఇదే లెక్క. రెండు పత్రాలు, 300 రోజులు. మీరే గుణించుకోండి, 60 వేల రూపాయలు! చిన్న రైతులు పైసా పైసా కూడబెట్టి కట్టిన వాటా ధనంలోంచి పోవలసిన సొమ్ము అది. పంట పోయి కాదు, ధర పడిపోయి కాదు, ఉత్తరం అందక!

మళ్లీ పట్వారీ సంచేనా?

మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు భూమి మనది, పహాణీ మాత్రం పట్వారీ సంచిలో ఉండేది. కాగితం చూడాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. నలభై ఏళ్లు దాటాక మళ్లీ మనమే చేజేతులా ఇంకో సంచి కుట్టించి, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆపరేటర్ భుజాన వేస్తున్నాం. ఈసారి ఆ సంచిలో ఉన్నది పహాణీ కాదు, మన సంఘం ఈ-మెయిల్.

ఒంటరిగా సాగు చేసుకునే రైతుకు ఈ గొడవ పెద్దగా లేదు. ఫోన్ ఉంటే చాలు. సొంత పొలంలో పండింది అమ్ముకునే రైతుకు జీఎస్టీ నమోదు కూడా అక్కర్లేదు. కానీ పదిమంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నారంటే అది చట్టం దృష్టిలో వ్యాపార సంస్థ. 2020 ఫిబ్రవరిలో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం మొదలుపెట్టాక ఊళ్లలో ఇవి పెరిగాయి. బోర్డు మీద పేరు రాయించారు, ఫొటోలు దిగారు. ఈ-మెయిల్ దగ్గరికి వచ్చేసరికి, "ఏదో ఒకటి పెట్టు బాబూ" అని ఊరుకున్నారు.

అది "ఏదో ఒకటి" కాదని గమనించాలి. కంపెనీకి నోటీసును ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చునని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. డైరెక్టర్ల కేవైసీకి 2018 నుంచి ఎవరి మొబైల్‌కు, ఎవరి ఈ-మెయిల్‌కు వారికే ఓటీపీ వస్తుంది. అది పూర్తి చేయకపోతే డైరెక్టర్ నంబరు పనిచేయకుండా ఆగిపోతుంది. మళ్లీ తెరిపించుకోవడానికి 5,000 రూపాయలు కట్టాలి. వరుసగా మూడేళ్లు వార్షిక పత్రాలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం ఎల్‌బీ నగర్ పక్కనే, నాగోలు బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌లో ఉంది. కానీ అక్కడికి నేరుగా వెళ్లి చేతికిచ్చే కాగితాలు తక్కువ. పనంతా కంప్యూటర్ ద్వారానే నడుస్తుంది. తాళంచెవి మన దగ్గర లేకపోతే ఆఫీసు ఎంత దగ్గరున్నా ఒక్కటే, ఢిల్లీలో ఉన్నా ఒక్కటే.

సర్వర్ అంటే పోస్టాఫీసే

ఈ మాట వినగానే చాలామంది "మెయిల్ సర్వర్, సాఫ్ట్‌వేర్ అంటే లక్షల వ్యవహారం, మనవల్ల ఏమైతది" అంటారు. నేనూ ఇంటర్‌తో ఆగినవాణ్ణే. చదువు అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాను. నాకు అర్థమైన తీరులోనే చెబుతాను.

సర్వర్ అంటే రాత్రింబవళ్లు తెరిచి ఉండే పోస్టాఫీసు. మెయిల్ పంపినవారి పోస్టాఫీసు నుంచి మన పోస్టాఫీసుకు ఉత్తరం వస్తుంది, మన పెట్టెలో పడుతుంది. మనం ఫోన్‌లో తెరిచి చూసినా అసలు ఉత్తరం అక్కడే భద్రంగా ఉంటుంది. ఫోన్ బావిలో పడినా ఉత్తరం పోదు. చైర్మన్ ఊళ్లో, సీఈఓ మార్కెట్లో, లెక్కలు రాసే అమ్మాయి ఆఫీసులో, ముగ్గురూ ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకోవచ్చు.

ఇరవై ఏళ్ల కిందట ఫోన్‌లోకి మెయిల్ రావాలంటే బ్లాక్‌బెర్రీ లాంటి ప్రత్యేకమైన ఫోన్లు, వాటికి వేరే సర్వర్ సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చేది. అది పెద్ద కంపెనీల వైభోగం. ఆ పాత బ్లాక్‌బెర్రీ ఫోన్ల సేవలు 2022 జనవరి 4తో ఆగిపోయాయి. ఇవాళ పిల్లలు ఆటలాడుకునే మామూలు ఫోన్‌లోనే ఆ పని జరుగుతోంది.

అయినా భయపెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ రోజే దారిలో ఒక కంప్యూటర్ షాపులో అడిగితే, "మీ ఆఫీసులోనే సర్వర్ పెట్టిస్తాం" అని చాలా పెద్ద మొత్తమే చెప్పారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, నిజమే. కానీ వాటిని నడపడానికి తెలిసిన మనిషి కావాలి, పోని కరెంటు కావాలి, తెగని ఇంటర్నెట్ కావాలి. పైగా 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ లాంటి సంస్థలు, పంపినవారెవరో రుజువు చేసే ముద్రలు సరిగా లేని మెయిళ్లను తిప్పికొడుతున్నాయి, లేదా చెత్తబుట్టలో వేస్తున్నాయి. మనం పంపిన రేటు కాగితం కొనేవాడి చెత్తబుట్టలో పడితే మనకేం లాభం? కాబట్టి ఊళ్లో సొంత సర్వర్ పెట్టుకునే ఆలోచన మానుకోండి.

కొత్తపేట మార్కెట్ నేర్పిన పాఠం

మరి ఏది మంచిది? ఇక్కడ మనందరికీ తెలిసిన సంగతి ఒకటి గుర్తు చేస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ మధ్య, కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. 1986లో జాంబాగ్ నుంచి అక్కడికి వచ్చింది. మామిడి, బత్తాయి బండ్లు ఎన్ని తోలామో అక్కడికి! 2021లో దాన్ని మూసే పని మొదలైంది, కోర్టు వ్యవహారం నడిచింది, 2022 నాటికి మార్కెట్ ఖాళీ అయి వ్యాపారం బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. తక్‌పట్టీల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చేసిన కొత్తపేట చిరునామాలన్నీ వృథా అయ్యాయి. కానీ పేరున్న వ్యాపారిని రైతు బాటసింగారంలోనూ వెతుక్కుంటూ వెళ్లాడు. చోటు మారింది, పేరు మారలేదు.

ఈ-మెయిల్‌లోనూ అంతే. చోటు వేరు, పేరు వేరు. ఇంటర్నెట్‌లో మన సంఘం పేరుతో కొనుక్కునే చిరునామాను డొమైన్ అంటారు. మన దేశానిది "డాట్ ఇన్". ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. ఆ పేరు మనదైతే, ఉత్తరాలు ఇవాళ ఒక సంస్థ పోస్టాఫీసు ద్వారా తెప్పించుకోవచ్చు, నచ్చకపోతే రేపు ఇంకో సంస్థకు మార్చుకోవచ్చు. చిరునామా మాత్రం మారదు. బిల్లు పుస్తకాలు మళ్లీ అచ్చేయించాల్సిన పని లేదు.

పోస్టాఫీసు నడిపే సంస్థలు చాలానే ఉన్నాయి. తమిళనాడు నుంచి వచ్చిన జోహో వాటిలో ఒకటి. 1996లో వేరే పేరుతో మొదలైన ఆ సంస్థ 2008లో మెయిల్ సేవ తెచ్చింది. తెన్‌కాశి లాంటి పల్లె ప్రాంతంలోనూ దాని ఆఫీసు నడుస్తోంది. అందులో ఐదుగురు వాడుకునే దాకా డబ్బు కట్టక్కర్లేని పథకం ఒకటి ఉంది. అయితే ఉచితంలో వాళ్ల సొంత యాప్‌లోనే మెయిల్ చూడాలి. డబ్బు కట్టే పథకంలో ఫోన్‌లోని ఏ మెయిల్ యాప్‌లోనైనా చూసుకోవచ్చు. గూగుల్, రెడిఫ్ కూడా వ్యాపార సంస్థలకు ఇలాంటి సేవ అమ్ముతున్నాయి. ఫలానాదే కొనండని నేను చెప్పడం లేదు. ధరలూ షరతులూ మారుతుంటాయి, విత్తనం కొనేముందు నలుగురిని అడిగినట్టే అడిగి కొనండి. చిన్న సంఘానికి ముగ్గురు నలుగురి పెట్టెలు చాలు. హెచ్చు మెమరీ, హంగులు మనకెందుకు?

"జీమెయిల్ లేదా? వాట్సాప్ లేదా?"

ఉన్నాయి. డొమైన్‌కు కూడా వెనకాడే సంఘం జీమెయిల్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. చిక్కల్లా ఒక్కటే. మామూలు జీమెయిల్ ఒక మనిషి పెట్టె. పాస్‌వర్డ్, దానికిచ్చిన ఫోన్ నంబరు ఎవరివైతే పెట్టె వారిదే. చైర్మన్ మారినా, సీఈఓ మానేసినా బతిమాలుకోవడమే. సొంత పేరుతో తీసుకున్న సేవలో అజమాయిషీ సంఘానిది. మనిషి మానేసిన రోజే అతని పెట్టె తాళం మార్చి, కొత్తవారికి ఇవ్వవచ్చు. పాత ఉత్తరాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

వాట్సాప్ కబురుకు మంచిదే. కానీ అది ఒక నంబరుకు కట్టుబడి ఉంటుంది. గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల మధ్య కొనుగోలు ఆర్డర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. పెద్ద దుకాణాల వాళ్లు, ఎగుమతిదారులు ఆర్డర్ మెయిల్‌లో పంపుతారు, జవాబూ మెయిల్‌లోనే అడుగుతారు. రేపు ధర దగ్గర పేచీ వస్తే తేదీతో సహా కాగితం మన పెట్టెలో ఉండాలి కదా!

వచ్చే మీటింగులోనే తేల్చండి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ చవకదా, ఖరీదుదా అన్నది రెండో మాట. తాళంచెవి సంఘం చేతిలో ఉందా లేదా అన్నదే మొదటి మాట. చవకలోనే మంచివి దొరుకుతున్న ఈ రోజుల్లో ఇంకొకరి పెట్టె మీద ఆధారపడటం నిర్లక్ష్యమే తప్ప పేదరికం కాదు.

మీరు వాటాదారులైతే వచ్చే సమావేశంలో లేచి నిలబడి అడగండి. మన ఈ-మెయిల్ ఏది? పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? దానికిచ్చిన ఫోన్ నంబరు ఎవరిది? డొమైన్ ఉంటే అది సంఘం పేరున ఉందా, తయారు చేసిన కుర్రాడి పేరున ఉందా? జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించండి. అజమాయిషీ ఒక్కరికే ఇవ్వకండి, ఇద్దరు డైరెక్టర్ల దగ్గర ఉంచండి. డొమైన్ గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. గడువు దాటి ఊరుకుంటే ఆ పేరు వేరొకరు కొనుక్కోవచ్చు.

ఇప్పటికే పెట్టె పరాయి చేతిలో ఉంటే కంగారు పడొద్దు. జీఎస్టీ పోర్టల్‌లో మొబైల్, ఈ-మెయిల్ మార్చుకునే వీలుంది. కంపెనీ రికార్డులో మార్పును ఆడిటర్ ద్వారా చేయించుకోండి. బ్యాంకుకు వెళ్లి అక్కడా మార్పించండి. కొత్త పెట్టెకు పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం, అంటే ఫోన్‌కు వచ్చే నిర్ధారణ కూడా పెట్టించండి. ఓటీపీ చెప్పమని ఫోన్ వస్తే పెట్టేయండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంతకీ ఆ చైర్మన్ గారి సంగతి చెప్పలేదు కదూ! ఆ సాయంత్రం తిరుగు బస్సు కోసం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడ్డాం. డిగ్రీ చదువుతున్న ఆయన మనవరాలికి ఫోన్ చేసి సంగతి చెప్పారు. వారం తిరిగేసరికి కంపెనీ పేరున డొమైన్ వచ్చింది, నాలుగు పెట్టెలు తెరుచుకున్నాయి. అదనపు రుసుం మాత్రం కట్టక తప్పలేదు.

"గీ పని మొదట్లనే చేసుకుంటే అయిపోవు సార్" అన్నారాయన మొన్న కలిసినప్పుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారాయన. మీ చేతులు ఇంకా కాలలేదు. ఈ ఆదివారమే అడగండి, ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందో!