తుపాను బలాన్ని ఎన్నాళ్లు మేఘాల రూపు చూసి లెక్కగడతాం?

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వైపు కదులుతున్నప్పుడు, దాన్ని గమనిస్తున్న వాళ్లందరి ముందూ దాదాపు ఒకే దృశ్యం ఉంది. బంగాళాఖాతం మీద తెల్లటి పెద్ద సుడి, దాని నడుమ నల్లగా గుండ్రటి కన్ను. అమెరికా సైన్యానికి చెందిన టైఫూన్ హెచ్చరిక కేంద్రం ఆ చిత్రాలు చూసి గాలి వేగం గంటకు 260 కిలోమీటర్ల దాకా ఉందని లెక్కగట్టింది. మన వాతావరణ శాఖ 215 దగ్గర ఆగింది. ఇది పెను తుపాను, భారత్ దాన్ని తక్కువ చేసి చూపుతోందని కొందరు విదేశీ నిపుణులు బహిరంగంగానే విమర్శించారు. మన శాఖ తన మాట మార్చుకోలేదు. తుపాను తీరం దాటాక ఆ మాటే నిజానికి దగ్గరగా నిలిచింది. పది లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించడంతో, 1999లో దాదాపు పది వేల మందిని పోగొట్టుకున్న ఒడిశాలో ఈసారి మరణాలు యాభై లోపే ఉన్నాయి.

అది గర్వించదగ్గ విజయమే. అయితే ఆ సంబరంలో ఒక ప్రశ్న మరుగున పడింది. ఒకే సుడిని చూసిన ఇద్దరు నిపుణులకు 45 కిలోమీటర్ల తేడా ఎలా వచ్చింది? గాలిని వాళ్లు ఒక నిమిషం సగటుతో, మనం మూడు నిమిషాల సగటుతో లెక్కిస్తాం కాబట్టి కొంత తేడా సహజం. మిగతాదానికి కారణం మరొకటి. ఫైలిన్ నడి సముద్రంలో ఉన్నప్పుడు దాని గుండెలోని గాలిని ఎవరూ కొలవలేదు. అందరూ చూసి చెప్పినవాళ్లే.

చూసి చెప్పే విద్యను చిన్నచూపు చూడనక్కర్లేదు. 1960 ఏప్రిల్ 1న అమెరికా తొలి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1ను ప్రయోగించింది. మరుసటి ఏడాదే ఆ వరుసలోని టైరోస్-3, ఏ ఓడకూ విమానానికీ కనబడకముందే ఎస్తర్ హరికేన్‌ను అట్లాంటిక్ నడిమధ్యలో పట్టుకుంది. అప్పటి నుంచి చెప్పాపెట్టకుండా తీరం మీద పడే తుపాను అంటూ దాదాపుగా లేకుండా పోయింది. 1970లలో వర్నన్ డ్వొరాక్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త మరో అడుగు వేశాడు. మేఘాల పట్టీ కేంద్రం చుట్టూ ఎంత మేర చుట్టుకుంది, కన్ను విచ్చుకుందా, కంటి లోపల ఎంత వెచ్చగా ఉంది, చుట్టూ ఉన్న మేఘాల నెత్తి ఎంత చల్లగా ఉంది అన్నవి చూసి తుపానుకు ఒకటి నుంచి ఎనిమిది వరకు అంకె వేసే పద్ధతి కనిపెట్టాడు. వాతావరణ శాఖ బులెటిన్లలో కనిపించే టి 2.5, టి 4.0 ఆ అంకెలే. టి 1.5 అంటే వాయుగుండం, 2.5 అంటే తుపాను, 3.5 అంటే తీవ్ర తుపాను, 6.5, ఆపైన అయితే పెను తుపాను. యాభై ఏళ్లు గడిచినా ప్రపంచంలో దీన్ని పూర్తిగా పక్కకు నెట్టిన పద్ధతి రాలేదు.

కానీ ఆ అంకె గాలిది కాదు, మేఘం రూపానిది. గాలి వేగాన్ని అందులోంచి ఊహించుకోవాలి. విమానాలతో కొలిచి సరిచూసుకునే వీలున్న అట్లాంటిక్‌లో ఈ ఊహను పరీక్షించారు. సగం సందర్భాల్లో తేడా 5 నాట్ల లోపే వచ్చింది. కంటితో చూసి కట్టిన లెక్కకు ఇది అబ్బురపరిచే కచ్చితత్వం. అయితే సుమారు పదింట ఒకసారి తేడా 18 నాట్లు, అంటే గంటకు 33 కిలోమీటర్లు దాటింది. తీవ్ర తుపానుకూ అతి తీవ్ర తుపానుకూ మధ్య గీత చెరిగిపోవడానికి అది చాలు.

రాత్రివేళ మరో చిక్కు ఉంది. కన్ను ఇంకా ఏర్పడని తుపాను మీద పై పొర మేఘం దుప్పటిలా పరుచుకుంటుంది. పరారుణ చిత్రంలో ఆ దుప్పటే కనిపిస్తుంది తప్ప దాని కింద సుడి కేంద్రం ఎక్కడుందో తెలియదు. తెల్లారి సూర్యకాంతిలో చూస్తే, రాత్రంతా అనుకున్న చోటికి పదుల కిలోమీటర్ల దూరంలో కేంద్రం తేలడం తుపానులను గమనించే వాళ్లకు అలవాటైన అనుభవం. మేఘాన్ని చీల్చి చూడగల మైక్రోవేవ్ పరికరాలు తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో ఉంటాయి. అవి ఒక చోటి మీదుగా రోజుకు కొన్నిసార్లే పోతాయి. ఆ ఉపగ్రహాల్లో చాలా వరకు పరాయి దేశాలవి. 2025లో అమెరికా రక్షణ శాఖ అలాంటి ఉపగ్రహ సమాచారాన్ని నిలిపివేస్తామని ప్రకటించి, నిరసనలు వచ్చాక వెనక్కి తగ్గింది. ఒక పరాయి శాఖ నిర్ణయంతో మన రాత్రి చూపు మసకబారే పరిస్థితి ఉందని ఆ కొన్ని వారాలు చూపించాయి.

మన ఉపగ్రహాలకూ మంచి చరిత్రే ఉంది. ఇన్సాట్-3డీఆర్ 2016లో, ఇన్సాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచే వెళ్లాయి. సముద్రం మీది అలల గరుకును బట్టి గాలిని పసిగట్టే స్కాటరోమీటర్లతో ఓషన్‌శాట్-2, స్కాట్‌శాట్-1, 2022 నవంబరులో ఈవోఎస్-06 కూడా అక్కడి నుంచే ఎగిరాయి. సాధారణ గాలులకు ఆ పరికరాలు చక్కగా పనిచేస్తాయి. కుండపోత వానలో, కంటి గోడ దగ్గరి పెను గాలిలో వాటి లెక్క తడబడుతుంది. మనకు ఎక్కడి కొలత ఎక్కువ అవసరమో అక్కడే అవి చేతులెత్తేస్తాయి. విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోట రాడార్లు బాగా పట్టగలిగేది తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్ల వరకే.

1977 నవంబరు నాటి దివిసీమ తుపాను కథలో ఒక ఓడ ఉంది. దాని పేరు జగత్‌స్వామిని. నవంబరు 17 మధ్యాహ్నం వేళ అది తప్పించుకోలేక నేరుగా ఆ తుపానులో చిక్కుకుంది. గంటకు 194 కిలోమీటర్ల గాలిని నమోదు చేసింది. అప్పటికి హిందూ మహాసముద్రాన్ని గంటగంటకూ చూస్తూ ఉండే ఉపగ్రహం లేదు. మన ఇన్సాట్-1బీ ఆకాశానికి చేరింది 1983లో. రెండు రోజుల తర్వాత, 19న, తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. దాదాపు పది వేల మంది చనిపోయినట్టు ప్రభుత్వ లెక్క. ప్రాణాలు అరచేత పెట్టుకుని ఆ ఓడవాళ్లు తెచ్చిన కొలత తీరంలోని పల్లెలను కాపాడలేకపోయింది. ఆ కబురును ఊళ్లకు చేర్చే ఏర్పాటు నాడు లేదు. నేడు పరిస్థితి తిరగబడింది. కబురు మోసుకెళ్లడానికి ఫోన్లున్నాయి, తుపాను షెల్టర్లున్నాయి, వాలంటీర్లున్నారు. తుపాను లోపలి కొలతే లేదు. ఉపగ్రహ చిత్రం చూసి ఓడలన్నీ ముందే పక్కకు తప్పుకుంటున్నాయి. నావికుల ప్రాణాల కోసం అది మంచిదే. కానీ ఓడ ఇచ్చే అంకె కూడా దానితో పోయింది.

ఆ అంకెను అమెరికా విమానంతో తెచ్చుకుంటోంది. 1943 జులైలో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనిక పైలట్ చిన్న శిక్షణ విమానంలో టెక్సాస్ తీరంలోని హరికేన్‌లోకి వెళ్లి తిరిగొచ్చాడు. నేడు అట్లాంటిక్‌లో తీరానికి ముప్పు తెచ్చే హరికేన్ ఏర్పడితే విమానాలు దాని కంటి గోడను దాటుకుంటూ వెళ్తాయి. గొట్టం లాంటి చిన్న పరికరాలను పారాచూట్‌తో కిందికి జారవిడుస్తాయి. అవి సముద్రాన్ని తాకేవరకూ గాలి, పీడనం, తేమ, ఉష్ణోగ్రతలను పంపుతూనే ఉంటాయి.

ఆ పనికి ఎంత విలువుందో 2023 అక్టోబరు 24న తెలిసింది. మెక్సికో పసిఫిక్ తీరం వైపు వస్తున్న ఓటిస్ ఆ ఉదయానికి మామూలు తుపానే. అకపుల్కో జనానికి ఆందోళన పడాల్సిన కారణం పెద్దగా కనబడలేదు. మధ్యాహ్నం విమానం లోపలికి వెళ్లి చూస్తే, ఉపగ్రహ చిత్రాలు చెబుతున్న దానికన్నా తుపాను ఎంతో బలంగా ఉంది. అర్ధరాత్రి దాటగానే అది ఐదో శ్రేణి హరికేన్‌గా ఆ నగరం మీద విరుచుకుపడింది. విమానం తెచ్చిన కబురుకు, తుపాను రాకకు మధ్య మిగిలింది కొన్ని గంటలే. విమానం వెళ్లకపోయి ఉంటే ఆ కొన్ని గంటలైనా దక్కేవి కావు.

ఇంత హఠాత్తుగా బలపడడం మనకు కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ ఒక్క రోజు వ్యవధిలో తుపాను నుంచి అతి తీవ్ర తుపానుగా మారి, 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయాయి. అంతకు ముందు ఏడాది నవంబరు 30న ఓఖీ కన్యాకుమారి దగ్గర వాయుగుండం దశ నుంచి గంటల్లోనే తుపానై, అప్పటికే వేటకు వెళ్లిన కేరళ, తమిళనాడు మత్స్యకారుల మీద పడింది. వందల మంది తిరిగి రాలేదు. వేటకు వెళ్లిన పడవ ఒడ్డు చేరాలంటే రోజు, రెండు రోజులు పడుతుంది. తుపాను బలపడుతోందని ఆరు గంటల ముందు తెలిసినా ఆ పడవకు పెద్ద తేడా.

ఉప్పెన లెక్కకూ తుపాను లోపలి కొలతే మూలం. ఏ ఊరి వరకు నీళ్లు వస్తాయో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కంప్యూటర్ నమూనాతో లెక్కిస్తుంది. దానికి ముందుగా తుపాను పీడనం, గాలి, ఎంత దూరం వరకు పెను గాలి వీస్తోందన్న వివరం ఇవ్వాలి. అందులో తప్పుంటే, ఖాళీ చేయించాల్సిన పల్లె ఒకటి జాబితాలో లేకుండా పోవచ్చు. లేదా అక్కర్లేని పల్లెను రెండుసార్లు ఖాళీ చేయిస్తే, మూడోసారి జనం కదలరు.

మన దగ్గర విమానంతో కొలిచే ఆలోచన లేకపోలేదు. 2008లో బంగాళాఖాతం తుపానుల మీద మొదలుపెట్టిన పరిశోధన ప్రాజెక్టు ఉద్దేశాల్లో విమానం పంపి కొలవడమూ ఉంది. ప్రతి తుపానుకూ ఎగిరే ఏర్పాటుగా అది నేటికీ రూపుదిద్దుకోలేదు. ఖర్చు ఎక్కువ అంటారు. బంగాళాఖాతం చిన్నది, తుపాను మూడు నాలుగు రోజుల్లో తీరం చేరుతుంది, విమానం ఎగిరే వ్యవధి ఎక్కడిదంటారు. ఆ మాటకు బదులు తైవాన్‌లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు కూడా లేని ఆ దీవి, 2003 నుంచి ఒక చిన్న జెట్ విమానాన్ని టైఫూన్ల చుట్టూ తిప్పుతూ పరికరాలు జారవిడుస్తోంది. కంటిలోకి దూసుకెళ్లే సాహసం కూడా చేయడం లేదు. చాలా ఎత్తులో, తుపాను అంచుల వెంట ఎగిరి తెచ్చే సమాచారమే దారి అంచనాలను మెరుగుపరిచింది. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏడాదికి సగటున వచ్చే తుపానులు ఐదు. ఐదు తుపానులకు కొన్ని పదుల గంటల విమాన ప్రయాణం ఈ దేశానికి మోయలేని భారం కాదు. తుపాను ఆయుష్షు తక్కువ కాబట్టే ప్రతి పూటా కొలత కావాలి.

దిల్లీలోని తుపాను కేంద్రం మన ఒక్కరి కోసం పనిచేయడం లేదు. బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంక, ఒమన్ సహా 13 దేశాలకు తుపాను సూచనలు అక్కడి నుంచే వెళ్తాయి. ఉపగ్రహాలు తయారుచేసి ప్రయోగించే శక్తి ఆ 13 దేశాల్లో ఎవరికన్నా మనకే ఎక్కువ. ఆ ఉపగ్రహాల చూపును సరిచూసుకునే కొలత బాధ్యత కూడా మనదే.

ఆంధ్రప్రదేశ్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్ల కోస్తా ఉంది. ఏ పార్టీవారైనా ఈ రాష్ట్ర ఎంపీలు తుపాను వచ్చి పోయాక నష్టపరిహారం కోసం కేంద్రాన్ని గట్టిగా అడుగుతారు. రాబోయే పార్లమెంటు సమావేశాల్లో, తుపాను రాకముందే, మరొకటి కూడా అడగాలి. రెండు విమానాలు, వాటికి కావాల్సిన పరికరాలు, విశాఖలో ఒక స్థావరం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అవి సిద్ధంగా ఉండాలి.