బండి పెద్దోడికి, జోలె నాన్నకు

మేడారం జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చే సాయంత్రం ఆ దారి మీద మనుషులు వరుసగా పడుకుంటారు. తడిబట్టలతో, నేల మీద. పిల్లలు కావాలని. అమ్మను తెచ్చే పూజారులు తమను దాటుకుంటూ వెళ్తే కడుపు పండుతుందని. దాన్నే వరం పట్టడం అంటారు. ఆ నమ్మకం జోలికి నేను పోవడం లేదు. నేను అడిగేది వేరు. బిడ్డ కోసం నేల మీద పడుకునే మనుషులున్న ఊళ్లో, బిడ్డ పుట్టాక ఆ బిడ్డతో సాఫీగా నడిచిపోవడానికి అదే నేల మీద రెండు గజాల దారి ఎందుకు లేదు?

మేడారం మొక్కు సంగతి తెలిసినవాళ్లకే రాస్తున్నాను. "బిడ్డ పుడితే నీ గద్దెకు తెస్తం తల్లీ, ఎత్తు బంగారం ఇస్తం" అని మొక్కుతారు. బంగారమంటే బెల్లం. జాతర రెండేళ్లకోసారి, మాఘ మాసంలో. మొక్కు తీర్చే ఏటికి చాలా ఇళ్లలో రెండో కాన్పు కూడా అయిపోయి ఉంటుంది. అందుకే ఆ నాలుగు రోజులూ ఎటు చూసినా ఇదే వరస: ఒడిలో ఒకరు, చంకలో ఒకరు, మోసేది ఒక్కతే. కాంటా మీద పెద్దోడిని కూర్చోబెడతారు. 12 కిలోలు తూగుతాడు. అటు 12 కిలోల బెల్లం. ఇంటిల్లిపాదీ ఫోన్లు తీస్తారు. కాంటా దించగానే వాడు ఏడ్చి చేతులు చాస్తాడు, అమ్మ ఎత్తుకుంటుంది. బెల్లం మోయడానికి బాబాయిలు, మేనమామలు ఎగబడతారు. పిల్లాడిని మోయడానికి ఒక్కడూ ముందుకు రాడు.

బెల్లానికి ఉన్న దిక్కు బాలింతకు లేదు.

ఇది జాతర నాలుగు రోజుల ముచ్చటే అనుకుంటున్నారా? 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెరిచి చూడండి. తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. పొట్ట కోసి కుట్టిన మనిషికి డాక్టర్లు మామూలుగా చెప్పే మాట: ఆరు వారాల దాకా చంటిబిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దు. సరేనని తలూపి ఇంటికి తీసుకొస్తారు. గడప దగ్గరే పెద్దోడు ఎదురొచ్చి "అమ్మా, ఎత్తుకో" అంటాడు. చంటిది 3 కిలోలు. వాడు 12. ఎత్తొద్దన్నది ఎవరినో మీకు అర్థమైందా? అర్థమైతే ఆ పక్కనే నిలబడి ఏం చేస్తున్నారు?

పిల్లలకు చక్రాల బండి కావాలనే మాట ఎత్తగానే లేచి నిలబడే పెద్దమనుషులు నాకు తెలుసు. "మా కాలంల ఈ బండ్లు ఉన్నయా? ఏడుగుర్ని సంకల ఏసుకొని పెంచినం." అయ్యా, పెంచింది మీరు కాదు. మీ ఇంటి ఆడవాళ్లు. వాళ్లు నీళ్లబిందె ఒక చంకన, పిల్లను ఇంకో చంకన పెట్టుకుని బావి నుంచి వస్తుంటే మీరు అరుగు మీద కూర్చున్నారు. ఆ మోతను ఇప్పుడు మీ ఖాతాలో రాసుకుని, కోడలి ముందు గొప్పలు చెప్పుకోవడానికి సిగ్గుండాలి. ఇంకో మాట కూడా తయారుగా ఉంటుంది: పట్నం షోకు. ఇంటి ముందు కారు నిలబడితే హోదా, తల్లి చేతికి నాలుగు చిన్న చక్రాలిస్తే షోకా? కారు చక్రాల కింద పోసిన డబ్బు లెక్క ఎవరూ అడగరు. పిల్లల బండి ధర మాత్రం బంధువుల్లో పదిమందికి తెలియాలి.

అరవై ఏళ్ల కిందట ఇంగ్లండులో ఓవెన్ మెక్లారెన్ అనే పెద్దాయన ఉండేవాడు. విమానాల ఇంజినీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం రెక్కల్లోకి మడుచుకునే చక్రాల చట్రం మీద పనిచేసినవాడు. కూతురు పసిబిడ్డతో, బరువైన ప్రామ్‌తో ప్రయాణాల్లో అవస్థ పడటం చూశాడు. అల్యూమినియం గొట్టాలతో గొడుగులా మడిచే బండి తయారుచేసి 1965లో పేటెంటుకు పెట్టాడు. బరువు 3 కిలోల లోపే. తాత అంటే అతను. కూతురి చేతుల నొప్పి కంటపడగానే కదిలినవాడు. మన తాతలు కదలరా? కదులుతారు, ఓట్లకూ పంచాయితీలకూ.

దుకాణదారుల సంగతి వేరే చెప్పాలి. హనుమకొండలో గానీ హైదరాబాద్‌లో గానీ పిల్లల సామాన్ల షోరూముకు వెళ్లి "ఇద్దరు పిల్లలు, ఒకడికి రెండున్నరేళ్లు, ఇంకోదానికి పది రోజులు" అని చెప్పి చూడండి. పక్కపక్కన రెండు సీట్ల బండి లాగుతారు. 75 సెంటీమీటర్ల వెడల్పు, మన ఇళ్లలో రెండున్నర అడుగుల తలుపుల్లోంచి ఒరుసుకుంటూ గానీ అది దూరదు. అది వద్దంటే ముందొకటి వెనకొకటి సీట్లున్నది తెస్తారు. సన్నగా ఉంటుంది, నిజమే. బరువు 15 కిలోల దాకా పోతుంది. ఎత్తొద్దన్న మనిషి దాన్ని ఆర్టీసీ బస్సులోకి ఎలా ఎక్కించాలి? 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచి పని, కాదనను. టికెట్టు సున్నా అయింది. మెట్టు మాత్రం మోకాలెత్తునే ఉంది. ఈ బస్సు గురించి షోరూములో ఎవరూ అడగరు. గ్లాసు పెట్టుకునే గూడు చూపిస్తారు, వేలాడే బొమ్మలు చూపిస్తారు, ఈఎంఐ చెబుతారు.

నా మాట వినండి. బండి పెద్దోడికి కొనండి.

అవును, పుట్టిన పిల్లకు కాదు, పెద్దోడికి. అందరూ చేసేది దీనికి తలకిందులు. కొత్త బిడ్డకు కొత్త బండి కొని లేసుల దుప్పటి పరుస్తారు, రెండేళ్ల పిల్లాడిని "నువ్వు అన్నవైనవ్ కదా, నడువు" అంటారు. నిన్నటిదాకా చంకలో ఉన్నవాడు. చెల్లెలు రాగానే అమ్మ ఒడి పోయింది, పక్క పోయింది, ఇప్పుడు కాళ్లు కూడా అరగాలి. వాడు కిలోమీటరు నడుస్తాడు, తర్వాత రోడ్డు మధ్యలో కూలబడతాడు. అప్పుడు వీపు మీద ఒక దెబ్బ. ఆ దెబ్బ కొట్టిన చేతికి ఏం కావాలో ఒక్కసారైనా ఆలోచించారా? బరువు ఉన్నది పెద్దోడిలో. అలసట ఉన్నది వాడి కాళ్లలో. చక్రాలు వాడికి కావాలి.

చంటిపిల్లకు కావలసింది ఒంటి వెచ్చదనం. మెడ నిలవని పిల్లను కూర్చోబెట్టే సీటులో వేయకూడదు. సొంతంగా కూర్చునేదాకా, అంటే ఇంచుమించు ఆరు నెలలు, వెల్లకిలా చదునుగా పడుకోబెట్టే బండే పనికొస్తుంది. అది పెద్దది, ఖరీదైనది. అదెందుకు? జోలె ఉంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు నెలలు నిండని పిల్లలను తల్లి గుండెకు ఆనించి కట్టించాడు. ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రి అది. ఆ పద్ధతినే ప్రపంచమంతా కంగారూ సంరక్షణ అంటోంది. అందులో తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది. పనికొస్తుందని డాక్టర్లే చెబుతున్నారు. ఇక మగవాళ్లకు ఏ సాకు మిగిలింది?

కట్టడం తెలియాలి, అంతే. పిల్ల మొహం ఎప్పుడూ కనబడాలి, గుడ్డ కప్పకూడదు. గడ్డం ఛాతీకి నొక్కుకోకూడదు, ఊపిరి ఆగుతుంది. వంగితే నుదుటి మీద ముద్దు అందేంత ఎత్తులో ఉండాలి. బండికైతే భుజాల మీద నుంచి, నడుము చుట్టూ, కాళ్ల మధ్య నుంచి వచ్చే ఐదు పట్టీల బెల్టు ఉండాలి. పిడికి సంచులు వేలాడదీస్తే పిల్ల దిగగానే బండి వెనక్కి పడుతుంది. ఎండకు పైన గుడ్డ కప్పారా, లోపల గాలాడక పిల్ల ఉడికిపోతుంది. చక్రాల సంగతి మాత్రం మేడారంలో జంపన్న వాగు దగ్గర నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అక్కడ ఇసుకలో దిగబడిన ఒక బండిని చూశాను. ముందు చక్రాలు అరచేతిలో సగం కూడా లేవు, అడ్డం తిరిగి కూరుకుపోయాయి. ఇరుసు చుట్టూ తలనీలాల వెంట్రుకలు, బంతిదండ దారం కలిసి బిగుసుకున్నాయి. ఆ తల్లి గొంతుక్కూర్చుని తలపిన్నుతో ఒక్కో పోగూ లాగుతోంది. ఒడిలో చంటిది. పెద్దమ్మాయి తల్లి భుజం పట్టుకుని నిలబడింది. భర్త వాగును వీడియో తీస్తున్నాడు.

ఆ వీడియోలో ఆమె పడి ఉండదు.

"ఇంత చిన్నపిల్లల్ని జాతరకు ఎందుకు తేవాలి?" అనే తెలివైనవాళ్లకూ నా దగ్గర జవాబుంది. నెల నిండని బిడ్డను ఆ దుమ్ములోకి, ఆ తోపులాటలోకి తేవద్దు. గట్టిగానే చెబుతున్నాను. సారలమ్మను కన్న తల్లి సమ్మక్క, మొక్కు ఒక జాతర ఆగితే ఆమె అలగదు. కానీ నెలలు గడిచాక, పెద్దోడి మొక్కు తీర్చడానికి వచ్చే తల్లిని ఇంట్లో కూర్చోమనే హక్కు మీకెవరిచ్చారు? జనం ఎక్కువని ఆమెను ఆపుతారు. వీఐపీ పాసు అద్దానికి అంటించుకున్న కారును మాత్రం గద్దెల దాకా రానిస్తారు. ఆ కారుకు జాగా దొరికింది కదా, అందులో పావు వంతు జాగా ఈ బండికి చాలు.

కొత్త చట్టం అడగడం లేదు. ఫుట్‌పాత్ మీద నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ఎప్పుడో రాసింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. చక్రాల కుర్చీ పోయే వాలులో పిల్లల బండి కూడా పోతుంది, ఒక్క రూపాయి అదనంగా అక్కర్లేదు. మరి వరంగల్ రోడ్డంచున ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్లెక్సీ కర్రలు, మోటారు సైకిళ్లు నిలబడ్డ చోట తల్లి ఎటు నడవాలి? లారీల ముందుకా?

వచ్చే జాతర 2028లో. బస్సు దిగిన చోటు నుంచి గద్దెల దాకా మెట్టు లేని, ఇనప గొట్టాల మలుపులు లేని ఒక్క వరుస వేయండి. చక్రాల కుర్చీలు, పిల్లల బండ్లు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు అందులో పోతారు. వాగు ఒడ్డున తలనీలాలిచ్చే చోట బండ్లు పెట్టుకునే జాగా, పాలిచ్చుకునే గది కట్టండి. కోట్ల మంది వస్తారని గర్వంగా చెప్పుకుంటారు కదా, ఆ కోట్లలో వీళ్లనూ లెక్కించండి.

ఇక నువ్వు. అవును, నిన్నే, ఇంత చదివి "మా ఆవిడకు పంపిస్తా" అనుకుంటున్న నువ్వు. పంపొద్దు. ఆమెకు ఇదంతా తెలుసు. పాత నూలు చీర ఒకటి అడిగి తీసుకో. మీ అమ్మనో, మీ కాన్పు చూసిన నర్సునో కట్టడం చూపించమను. బిడ్డను వేసుకోకముందు 3 కిలోల బియ్యం సంచి కట్టుకుని ఇంట్లో గంటసేపు పనులు చేసి చూడు. నీ పొట్ట మీద కుట్లు కూడా లేవు.