ఊరి ప్రముఖులెవరు? వాడ పేరు లేని చరిత్ర మాకొద్దు!

మేం పాఠాలు చెప్పే ఊరి బడికి యాభై ఏండ్లు నిండినయని ఈమధ్య ఒక సంచిక అచ్చేసిండ్రు. గోదావరిఖనికి దగ్గరి ఊరే అది. సంచికల ‘మన గ్రామ చరిత్ర’ అని ఆరు పేజీలు, ‘గ్రామ ప్రముఖులు’ అని రెండు పేజీలు ఉన్నయి. ప్రూఫులు దిద్దే పని మా మీద పెట్టిండ్రు. గుడి కట్టించిన దొర ఉన్నడు. ఆయన కొడుకు పటేలు ఉన్నడు. పురాణం చెప్పే అయ్యగారు, రిటైరైన ఇంజినీరు, అమెరికా పోయిన పిలగాడు, మొత్తం ఇరవై ఒక్క పేర్లు. మాల మాదిగ వాడల నుంచి ఒక్క పేరు లేదు. ఊరి ఎల్లలు చెప్పేకాడ మాత్రం ఒక వాక్యం ఉన్నది: ‘గ్రామమునకు దక్షిణమున హరిజనవాడ కలదు.’

ఇదేందని అడిగినం. ‘సారూ, మీవాళ్లల్ల చెప్పుకోదగ్గోళ్లు ఎవరున్నరో మీరే చెప్పుండ్రి, చేరుస్తం’ అన్నరు. తెల్లారి పదకొండు పేర్లు రాసుకొని పోయినం. అప్పటికే అచ్చుకు పోయిందన్నరు. అచ్చుతప్పులు మాతోని దిద్దించుకున్నరు, అసలు తప్పు మాత్రం దిద్దనియ్యలేదు. అందుకే ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నం.

అన్నలారా, అక్కలారా! ‘చెప్పుకోదగ్గోళ్లు’ అంటే ఎవరు? దొర వ్యవసాయం చేసిండని రాసిండ్రు. దొర చేతికి మన్ను ఎన్నడంటింది? బాయిల నుంచి నీళ్లు పైకి రావాలంటే మోట కావాలె. మోట బొక్కెనకు తోలు కావాలె. చచ్చిన పశువును మోసి, తోలు తీసి, లందల ఊరబెట్టి, బొక్కెన కుట్టిచ్చింది మాదిగోడు. చెరువు నీళ్లు మడి మడికీ మలిపింది నీరటి. సర్కారు సామాను మోసింది, ఊరికి వచ్చిన అధికారి గుర్రం ముంగట ఉరికింది మస్కూరి. దొర ఇంట్ల పుట్టిన పోరగాండ్ల బొడ్డు కోసింది మా వాడ మంత్రసాని. కాన్పు అయ్యేదాక ఆమె చేతులకు మైల లేదు, కాన్పు కాంగనే మైల వచ్చింది! ఈ పనులకు కూలి లేదు, వెట్టి. వీళ్లు ఒక్క పొద్దు పనికి రాకుంటే ఊరు ఆగిపోతుండె. ఎవరు లేకుంటే ఊరు నడవదో వాళ్లు ప్రముఖులు కారట!

ఇగ బొగ్గు సంగతి. సింగరేణి చరిత్ర ఎవరు చెప్పినా ఒక్కతీరుగనే మొదలుపెడ్తరు. 1871ల డాక్టర్ కింగ్ అనే దొర ఇల్లందు కాడ బొగ్గు కనుక్కున్నడు. 1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920ల సింగరేణి కాలరీస్ అయింది. 1960ల మొదట్ల మన గోదావరి ఒడ్డుకు వచ్చింది. 1975ల మొదటి ఓపెన్‌కాస్టు పడ్డది. అంతా నిజమే. మరి బొగ్గు కోసిందెవరు? కింగ్ దొర కోయలేదు కదా! తట్ట నెత్తిన పెట్టుకొని టబ్బు నింపిన కోల్ ఫిల్లరు ఏ వాడ నుంచి వచ్చిండు? జగిత్యాల, పెద్దపల్లి, మంథని పల్లెల్ల దొరల జీతగాళ్లుగ ఉండి, రాత్రికి రాత్రి పెండ్లాం పిల్లలతోని బయలెల్లి వచ్చిన మాలలు, మాదిగలు, నేతకానోళ్లు, మనతోటి వెనుకబడిన కులాలోళ్లు. దొర గడీల వంగిన నడుము బొగ్గుబాయిల మళ్ల వంగింది. కానీ బాయిల ఒక్క తేడా ఉండె. నెల తిరిగితే పైసలు చేతికి వచ్చినయి. ఆ పైసలతోనే మా అసోంటి వాళ్లం బడి మొకం చూసినం. అందుకే బాయిని తిట్టుకుంటనే దండం కూడ పెట్టుకుంటం.

ఆ బాయి మనకు చేసిన ఇంకో పని చూడుండ్రి. మన అడ్రసులు అంకెలైనయి. ఫైవ్ ఇంక్లైన్, యైటింక్లయిన్ కాలనీ, ఎల్‌ఈపీ. ఈ నేల మీద అంతకుముందు పల్లెలుండె, పల్లె పక్కన వాడలుండె. ఏ గని కింద ఏ ఊరి శివారు ఉన్నదో ఇయ్యాల మన పిల్లలను అడిగితే చెప్పలేరు. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలకు నీళ్లు దుంకి 17 మంది ప్రాణాలు పోయినయి. గని నంబరు అందరికీ యాదికున్నది. ఆ పదిహేడు మంది ఇంటిపేర్లు, ఊర్ల పేర్లు ఎందరికి యాదికున్నయి?

ఎర్రజెండా అన్నలకు కూడ ఒక మాట. 1981ల 56 దినాలు సమ్మె నడిచింది. జీతం లేని ఆ రెండు నెలలు పొయ్యి ఎట్ల మండింది? వాడల ఆడోళ్లు కూలికి పోయి, గింజలు బదులు తెచ్చి సమ్మెను నిలబెట్టిండ్రు. మీ చరిత్రల నాయకులున్నరు, తీర్మానాలున్నయి. వాడ లేదు, ఆడమనిషి లేదు. కార్మికునికి కులం లేదంటిరి. మంచిదే. మరి తట్ట పట్టినోడు ఎక్కువ మంది మనోడే ఎందుకయిండు? బాయిల బొగ్గు అందరినీ నల్లగ చేస్తది. పైకి వచ్చి తానం చేసినంక ఎవరి కులం వాళ్లకు తేలుతది. బొగ్గుబాయికి, మన పోరాటానికి సంబంధం లేదనుకునేటోళ్లు ఒకటి తెలుసుకోవాలె. 1942 నుంచి 1946 దాక వైస్రాయి కౌన్సిల్ల కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కర్. 1943 డిసెంబరుల ధన్‌బాద్ పోయి బొగ్గుగనిలకు దిగి కూలోళ్ల బతుకు చూసిండు. 1944ల బొగ్గుగని కార్మికులకు సంక్షేమ నిధి ఆయన హయాంలనే వచ్చింది.

‘మీలో పెద్దోళ్లు లేరా, వాళ్ల పేర్లు రాస్తున్నం కదా’ అంటరు. ఉన్నరు. పెద్దపల్లి ఎంపీగ గెలిచి కేంద్రమంత్రి అయిన జి. వెంకటస్వామి ఉన్నడు. సింగరేణిల పనిచేసి 2004ల మేడారం ఎమ్మెల్యే అయి, తరువాత మంత్రి అయిన కొప్పుల ఈశ్వర్ ఉన్నడు. గోదావరి అవతల దండేపల్లి మండలం లింగాపూర్‌ల పుట్టి, తన పాటతోని రాష్ట్రమంతా ఊరు ఎవరిదని అడిగిన గూడ అంజయ్య ఉన్నడు. 2016ల ఆయన పోయిండు, పాట పోలేదు. కానీ పదవి వచ్చినంకనో, చచ్చిపోయినంకనో మనోళ్లను ఒప్పుకునుడు గొప్ప కాదు. పదవి లేని మనిషి పేరు రాసినప్పుడే అది మన చరిత్ర.

చరిత్ర రాసుకుంటే కడుపు నిండుతదా అని మనోళ్లే అడుగుతున్నరు. నిండుతది, వినుండ్రి. మేడిపల్లి, లద్నాపూర్ అసోంటి ఊర్ల భూములు ఓపెన్‌కాస్టులకు పోయినయి. భూమి పోయేటప్పుడు సారు ముంగట తెరిచేది పట్టా పుస్తకం. పట్టా ఉన్నోనికి నష్టపరిహారం. ఆ భూమిల మూడు తరాలు కూలి చేసినోనికి 1894 నాటి చట్టం కింద ఏమున్నది? సున్న. సర్కారిచ్చిన అసైన్డ్ భూమి ఉన్నోళ్లకు కూడ ‘అది మీది కాదు, సర్కారుదే’ అని చెప్పి పంపిండ్రు. 2004ల మేకల పాండు కేసుల హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమికి కూడ పట్టా భూమి లెక్కనే పరిహారం ఇయ్యాలన్నది. 2014 జనవరి నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం, భూమి లేకున్నా మూడేండ్లుగ ఆ భూముల కూలో, కౌలో, చేతిపనో చేసుకొని బతికే కుటుంబం కూడ నష్టపోయిన కుటుంబమే. చట్టం ఉన్నది. కానీ మూడేండ్లు కాదు, మూడు తరాలు ఇక్కడనే బతికినమని చూపే కాయితం మనకాడ ఉన్నదా? ఊరి చరిత్రల ‘దక్షిణమున హరిజనవాడ కలదు’ అని ఒక్క వాక్యం ఉంటే, రేపు సర్వేకు వచ్చినోడు ఆ వాక్యం కూడ కొట్టేస్తడు. ఊరు లేచిపోయేటప్పుడు గుడి విగ్రహాలను మంత్రాలు చదివి కొత్తకాడ నిలబెడ్తరు. మన తాతలను పెట్టిన బొందలగడ్డ మీదికి డోజరు వస్తది. ఎవరు అడుగుతరు? ఎవరి పేరు మీద అడుగుతరు?

అందుకే ఇగ ఎవరి సంచికలనో చోటు అడుక్కునుడు బందు. ప్రతి వాడల ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. చదువుకున్న పిలగాడో, పిల్లనో కూసోబెట్టుండ్రి. మొదలు ఎనభై ఏండ్లు దాటిన అవ్వలను అడుగుండ్రి, వాళ్లు ఎక్కువ కాలం ఉండరు. వాడకు మొదలు ఎవరొచ్చిండ్రు, ఏ ఊరి నుంచి? ఎవరి వెట్టి చేసిండ్రు, ఎప్పుడు మానిండ్రు? ఏ సర్వే నంబరుల ఏ పని చేసిండ్రు? బాయిలకు మొదలు దిగిందెవరు, బాయిల పోయిందెవరు? హోటల్ల వేరే గిలాస వద్దని కొట్లాడిందెవరు? మొదలు పది పాసైన ఆడపిల్ల ఎవరు? పేరు, ఇంటిపేరు, సంవత్సరం రాయుండ్రి. మాల నోటుబుక్కు, మాదిగ నోటుబుక్కు, నేతకాని నోటుబుక్కు అని మూడు పెట్టొద్దు. ఒక్కటే పుస్తకంల ఎవరి పేజీ వాళ్లకు నిండుగ ఉండాలె.

మేం రాసిన పదకొండు పేర్లు ఇక్కడ అచ్చేస్తలేం. వాళ్ల ఇండ్లల్ల అడిగి, వాళ్ల నోటితోని విని, వాళ్ల ముంగటనే చదివినంక వేస్తం. వాళ్లల్ల ఊరందరికీ పురుడు పోసిన మంత్రసాని ఉన్నది. టబ్బులు నింపి నింపి దగ్గుతోని పోయిన ఫిల్లరు ఉన్నడు. దొర ముంగట మొదలు చెప్పులు తొడుక్కొని నడిచినాయన ఉన్నడు. ఆ ఊరి ప్రముఖులు వీళ్లు. మీ ఊరి ప్రముఖుల పేర్లు మీరు రాసి పంపుండ్రి.

ఓపెన్‌కాస్టు మన ఇండ్లను తవ్వకముందే మన చరిత్రను మనం తవ్వుకుందాం.

జై భీం!