పాటను దేహమునుండి వేరుచేయరాదు

సింగరేణివారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము నెలకొన్న జైపూరులోను, దాని పొరుగుననున్న బొగ్గుగనుల ఊళ్లలోను నేడు పాట రెండు తునకలైనది. పాఠశాలలోని పాటల పోటీలో బాలిక మైకు ముందర చేతులు కట్టుకొని, మెడ బిగించి, కదలక మెదలక పాడవలెను. ఆ బాలికయే సద్దుల బతుకమ్మనాడు డీజే పెట్టెలు మ్రోగించు పాటకు అడుగులు వేయునే గాని తాను నోరు విప్పదు. ఒకచోట దేహము లేని కంఠము, మరొకచోట కంఠము లేని దేహము. ఈ ఎడబాటు వలన మన బిడ్డల గానమునకు కలుగుచున్న హాని చిన్నది కాదని నా దృఢాభిప్రాయము.

బతుకమ్మ చుట్టును వలయముగా తిరుగుచు స్త్రీలు తామే పాడుకొను పద్ధతిని శ్రద్ధతో గమనించినవారికి అందలి నేర్పు బోధపడును. నడుము వంచి చప్పట్లు చరచు క్షణమున తాళపు దెబ్బ పడును. నడుము లేచునపుడు ప్రక్కటెముకలు విచ్చుకొని ఊపిరి తనంతట తానే లోనికి వచ్చును. ఒకామె చరణమెత్తుకొనగా తక్కినవారందరు పల్లవిని అందుకొను వ్యవధిలో ఆమె మరల శ్వాస నింపుకొనును. కనుకనే స్వరస్థానముల పేరులైనను ఎరుగని వృద్ధురాలు సైతము లయ తప్పక, గొంతు అలయక, పొద్దుపోవువరకు పాడగలుగుచున్నది.

ఎగిరినచో ఊపిరి చెదరును గదా యని శాస్త్రీయగాయకులు ఆక్షేపింతురు. ఆ మాట నిజమే. దానికి సమాధానము ఒగ్గుకథలో కలదు. మిద్దె రాములుగారు, చుక్క సత్తయ్యగారు వంటి మహాకళాకారులు ప్రఖ్యాతి గడించిన ఆ కళలో డోలు ఉధృతమైనప్పుడు చిందు విజృంభించును, రాగము దీర్ఘముగా సాగవలసినచోట అడుగు నెమ్మదించును. ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు నిలువవలెనో తెలియుటయే అక్కడి విద్య. గొంగడి కప్పి, కాలికి గజ్జె కట్టి, చేత కర్ర బూని ప్రజాగాయకుడు గద్దరు పాడుచుండగా ఆ పాదపు తాకిడి మాటకు ఊనిక నిచ్చినదే గాని అలంకారముగా మిగిలిపోలేదు.

ఇది పామరుల పద్ధతి యని చిన్నచూపు చూచువారు 13వ శతాబ్దమునాటి శార్ఙ్గదేవుని స్మరింపవలెను: ఆయన గీత వాద్య నృత్తములు మూడింటిని కలిపియే సంగీతమన్నాడు. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని నృత్తరత్నావళిలో మార్గనృత్తముతో పాటు దేశినృత్తములకును సమానగౌరవ మొసగినాడు. స్విట్జర్లాండులో జాక్ డాల్‌క్రోజ్ అను ఆచార్యుడు, తన శిష్యులు వ్రేళ్లతో చక్కగా వాయించుచును లయను అనుభవింపలేకపోవుట చూచి, వారిని లయకు తగినట్లు నడిపించి సంగీతము నేర్పినాడు. దవడయు మెడయు భుజములును బిగిసియున్నచో నాదము నలిగిపోవును. నడకలో ఆ బిగువు సడలును.

జైపూరు మండలపు పాఠశాలలలో వారమున కొక్క గంట చిరుతలను, అనగా చెక్కతాళములను, చేతికిచ్చి, అడుగు వేయించుచు పాట నేర్పవలెను. అందులకు ఊరి ఒగ్గుకళాకారులను, బతుకమ్మ పాట నెత్తుకొను తల్లులను గురువులుగా పిలిచి గౌరవవేతన మొసగవలెను. పోటీలలో చేయి కదలినందులకు మార్కులు కోయరాదు. రానున్న సద్దులనాడు కార్మికుల కాలనీలలో తొలి గంటసేపైనను డీజే పెట్టెలను మూసియుంచి, స్త్రీలను తమ గొంతుకలతో తామే పాడుకొననీయవలెను.